గ్రాహం బిస్కట్: జల్లించని పిండి కథ

అమెరికాలో గ్రాహం క్రాకర్ పేరుతో అమ్మే బిస్కట్‌కు మూలం సిల్వెస్టర్ గ్రాహం (1794–1851) బోధనలు. మద్యపాన వ్యతిరేక ప్రచారంతో మొదలైన ఈ ప్రెస్బిటేరియన్ మతబోధకుడు క్రమంగా మాంసాన్ని, మసాలాలను, తెల్లపిండిని కూడా వద్దన్నాడు. ఆరోగ్యం కంటే ఇంద్రియ నిగ్రహమే ఆయన అసలు ధ్యేయమని చెప్పాలి.

రొట్టె గురించి 1837లో ఆయన రాసిన పుస్తకం బేకరీలను నేరుగా తప్పుపట్టింది. పట్టణాల్లో పిండి తెల్లగా కనిపించాలని పటిక, సుద్ద కలపడం ఆ కాలంలో మామూలే. గోధుమను పొట్టుతో సహా విసిరి, జల్లించకుండా ఇంట్లోనే రొట్టె చేసుకోవాలన్నది గ్రాహం మాట. ఆ పని ఇల్లాలిదేనని కూడా తేల్చేశాడు. బోస్టన్‌లో రొట్టెల వ్యాపారులు, మాంసం వ్యాపారులు ఆయన ఉపన్యాసాలను అడ్డుకోజూశారు.

ఈ పిండికి ఒక చిక్కుంది. గింజలోని మొలక భాగంలో నూనె ఉంటుంది కనుక ముతకపిండి త్వరగా కమురువాసన పడుతుంది. మొలక, పొట్టు తీసేసిన తెల్లపిండి ఎక్కువకాలం నిలుస్తుంది. 19వ శతాబ్దం చివర్లో ఉక్కు రోలర్ మిల్లులు వచ్చాక అదే చవకగా ఇంటింటికీ చేరింది.

 

1898లో ఏర్పడిన నేషనల్ బిస్కట్ కంపెనీ గ్రాహం క్రాకర్లను దేశమంతటా అమ్మింది. తేనె కలిపిన హనీ మెయిడ్ రకం 1925లో వచ్చింది. గ్రాహం ఒప్పుకోని చక్కెర, తెల్లపిండి ఆయన పేరున్న బిస్కట్లలోకే చేరాయి. ఇప్పుడు అమెరికా ఇళ్లలో వాటిని పొడిచేసి, వెన్న కలిపి చీజ్‌కేక్ అడుగున పరుస్తారు.