దానము నుండి హక్కు వఱకు: నంద్యాల సీమలో సంక్షేమ చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దపు కరవులలో ఉయ్యాలవాడ వాసియగు బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలను తెఱచి వేలాది క్షుధార్తులకు అన్నము పెట్టించిన కథను రేనాటి జానపదులు నేటికిని పాడుకొనుచున్నారు. ఆళ్ళగడ్డ ప్రాంతమున పేదకు లభించిన ఆ యన్నము దాతయొక్క దయ; అది నిలిచిపోయినచో ప్రశ్నించుటకు తావు లేదు. 1876–78 నాటి ఘోరక్షామానంతరము బ్రిటిషు ప్రభుత్వము క్షామనిబంధనలను రచించి, కరవుపనులు కల్పించుట తన విధియని కొంతవఱకు ఒప్పుకొన్నను, ఆ విధిని గుర్తుచేయుటకు రైతుకూలీల చేతిలో ఓటు లేకుండెను.

ప్రజాభిప్రాయము సంఘటితమగుటకు సభలు కావలసివచ్చినవి. 1928లో నంద్యాలయందు ఆంధ్రమహాసభ జరిగినపుడు దత్తమండలములవారు తమ ప్రాంతమునకు రాయలసీమ యను పేరును స్వీకరించిరి. 1937 నవంబరు 16వ తేదీని కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలముల వినియోగమున ఈ సీమకు పదేండ్లపాటు ప్రాధాన్యము నీయవలెనను మాట లిఖితరూపమును దాల్చెను.

స్వాతంత్ర్యానంతరము ఓటు వచ్చినది గాని, చిరకాలము ఒకే పక్షము ప్రబలముగా నుండుటచేత బేరమాడుటకు అవకాశము స్వల్పము. 1977లో రాష్ట్రమునందలి 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసు పరముకాగా, నంద్యాల యొక్కటియే జనతాపక్షము తరపున నిలిచిన నీలం సంజీవరెడ్డిని గెలిపించెను. 1982లో తెలుగుదేశము ఆవిర్భవించి కిలో బియ్యము రెండు రూపాయలకే యిత్తుమనగా, కర్నూలు జిల్లావాసియే యగు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి 1 రూపాయి 90 పైసల ధరను ప్రకటించెను. ఆ పిమ్మటి ఎన్నికలలో పది పైసల తగ్గింపు కాంగ్రెసును రక్షింపలేదు. కాని బియ్యపు ధర ఎన్నికలలో తేలవలసిన విషయమని నాటితో స్థిరపడెను.

1991 ఉపఎన్నికలో నంద్యాల పంపిన పి.వి. నరసింహారావు ప్రధానిగా నుండగనే, 1995 ఆగస్టు 15న వృద్ధులకు నెలకు 75 రూపాయల జాతీయ పింఛను ఆరంభమయ్యెను. సార్వత్రిక ఎన్నికలు మఱుసటి యేటనే యుండెను. రాష్ట్రమున పింఛను 2006లో 200, 2014లో 1,000, 2019లో 2,000, 2024లో 4,000 రూపాయలకు చేరెను. బియ్యపు ధర ఒకప్పుడు 5 రూపాయల 25 పైసలవఱకు పెరిగినను, 2008లో మరల రెండు రూపాయలకును, 2011లో ఒక రూపాయికిని దిగెను. ఆళ్ళగడ్డలో భూమా, గంగుల రాజకీయ కుటుంబములు కాలానుసారముగ పార్టీలు మారినవి. ఏ పార్టీ గెలిచినను పింఛనును మాత్రము రద్దుచేయుటకు సాహసింపలేదు.

పక్షములు సంక్షేమమునకు వెలకట్టినవి. దానిని వెనుకకు తీసికొనరానిదిగా చేసినది ప్రజాభిప్రాయమే. అయినను, ప్రతినెలయు చేతికందు ధనమును లెక్కించినంత శ్రద్ధతో శ్రీబాగ్ నాటి నీటిమాటను ఓటరు లెక్కింపలేదు. ఓటరు అడుగని బాకీని తనంతతాను తీర్చిన పక్షము ఈ చరిత్రలో కానరాదు.