భోపాల్ వెళ్తే జన్‌గఢ్ పేరు వెతకండి

పరీక్షకో, టూర్‌కో భోపాల్ వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక పూట పెద్ద చెరువు పక్కనున్న భారత్ భవన్ కోసం పెట్టుకోండి. 1982లో తెరిచారు. కట్టడం చార్లెస్ కొరియాది, దాని గురించి అందరూ చెప్తారు. నేను చెప్పేది లోపలి సంగతి.

అక్కడి మ్యూజియాన్ని నిలబెట్టిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లకు మనుషుల్ని పంపి ఆదివాసీ కళను వెతికించాడు. అలా పాటన్‌గఢ్‌లో గోడ మీద బొమ్మలేసిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రాడు దొరికాడు. ప్రధాన్ గోండు. మన ఆదిలాబాద్ ప్రధాన్‌ల లాగే వాళ్లూ గోండుల కథలు పాడేవాళ్లే. ఇక్కడ కిక్రీ, అక్కడ బానా. పాటలో ఉండే దేవుళ్లను జన్‌గఢ్ చుక్కలతో, గీతలతో కాగితం మీదికి దించాడు. ఆ బొమ్మల్ని స్వామినాథన్ నగర చిత్రకారుల పనితో పాటు ఒకే కప్పు కింద పెట్టాడు. అంతకుముందు మనవంటే ఏముండేవి? అద్దాల పెట్టెలో బుట్టలు, బాణాలు, కింద తెగ పేరు. చేసిన మనిషి పేరు ఎవడికి కావాలి!

1989లో జన్‌గఢ్ బొమ్మలు పారిస్ దాకా వెళ్లాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆ దారిలో వచ్చిన భజ్జూ శ్యామ్‌కి 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది.

శ్యామలా హిల్స్‌లో 2013లో తెరిచిన ట్రైబల్ మ్యూజియం కూడా చూడండి, కళ్లు చెదురుతాయి. సెల్ఫీలు తర్వాత దిగొచ్చు. ముందు ప్రతి బొమ్మ దగ్గరా లేబుల్ చదవండి: తెగ పేరొక్కటే ఉందా, వేసినవాళ్ల పేరు కూడా ఉందా?