రాతిమీద లేని పేరు

మీరు వైద్యము కొరకో, బంధువుల యింటి పెండ్లి కొరకో చెన్నపట్టణమునకు పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకొని నందంబాకమునకు వెళ్లుడి. సెయింట్ థామస్ కొండకు సమీపమున, బండ్ల రొద యెడతెగని బాట ప్రక్కనే, యుద్ధములలో చనిపోయినవారి సమాధుల తోట యొకటి యున్నది. దక్షిణమునను తూర్పునను అనేక సమాధుల దొడ్లలో చెదరియుండిన రెండవ ప్రపంచ యుద్ధపు సమాధులను ఒకచోట చేర్చి కాపాడవలెనని 1952లో దీనిని ఏర్పరచిరి. 850 మందికి పైగా సైనికులు అక్కడ నిద్రించుచున్నారు. తోట వెనుక భాగమున మరియొక కట్టడమున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలములో మన దేశమందే చనిపోయి, నేడు కాపాడుటకు వీలులేని చోట్ల పాతిపెట్టబడియున్న వేయిమందికి పైగా సైనికుల పేర్లు దానిమీద చెక్కబడియున్నవి.

నేను భక్తితో అచ్చటికి పోతినని చెప్పినయెడల అబద్ధమగును. ఒక కమిటీ కూటము ముందుగా ముగిసినది, రైలుకు ఇంకను ఆరు గంటలున్నవి, ఎండ తీవ్రముగా నున్నది, చెట్ల నీడ కనబడినది. అంతే. కాని లోపలికి పోయిన తరువాత ఆ రాళ్ల వరుసల నడుమ నా నడక దానంతట అదే మెల్లనైనది. నన్ను ఆశ్చర్యపరచినది ఆ స్థలము యొక్క అందము కాదు. రాళ్లన్నియు ఒకే కొలతగా నుండుటయే. అధికారికి పెద్ద రాయి లేదు, సామాన్య సిపాయికి చిన్న రాయి లేదు. మన ఊళ్లలో ఆస్తిగలవారి సమాధులకు పాలరాయియు, పేదవారికి మట్టిదిబ్బయు చూచుటకు అలవాటుపడిన కన్నులకు ఇది క్రొత్త సంగతి.

ఈ ఏర్పాటు ఊరకే వచ్చినది కాదు. 1914లో యుద్ధము మొదలైనప్పుడు ఫేబియన్ వేర్ అను నొక మనుష్యుడు, సైన్యములో చేరుటకు వయస్సు మించినందున, రెడ్‌క్రాసు వారి బండ్ల దళముతో ఫ్రాన్సు దేశమునకు పోయెను. గాయపడినవారిని మోసికొని తిరుగుచు, చనిపోయినవారి సమాధులు ఎక్కడెక్కడ నున్నవో వ్రాసిపెట్టువారు ఎవరును లేకపోవుట చూచి, తానే ఆ పని మొదలుపెట్టెను. దానినుండి 1917 మే 21న రాజశాసనముచేత యుద్ధ సమాధుల కమిషన్ పుట్టినది. చనిపోయిన ప్రతివాని పేరు రాతిమీదనైనను, ఒక స్మారకముమీదనైనను వ్రాయవలెననియు, హోదాను బట్టియు, జాతిని బట్టియు, మతమును బట్టియు భేదము చూపకూడదనియు వారు నిర్ణయించుకొనిరి. ఐశ్వర్యవంతులైన తలిదండ్రులు అనేకులు దీనికి ఒప్పుకొనలేదు. తమ కుమారుని సమాధిమీద తమకు తోచిన సిలువను నిలుపుకొనవలెనని వారి కోరిక. 1920లో ఇంగ్లండు పార్లమెంటులో ఈ సంగతిమీద పెద్ద చర్చ జరిగినను, కమిషన్ నిర్ణయమే నిలిచెను. కుటుంబమువారు రాతి అడుగున ఒక మాట చెక్కించుకొనవచ్చును గాని, అది 66 అక్షరములకు మించరాదు. కొడుకును పోగొట్టుకొన్న తల్లి తన దుఃఖమును 66 అక్షరములలో ఎట్లు ఇముడ్చుకొన్నదో మీరే ఊహించుకొనుడి.

ఆ రాళ్ల నడుమ నిలిచియుండగా నాకొక ముసలి తల్లి జ్ఞాపకమునకు వచ్చెను.

నేను సెమినరీ చదువు ముగించుకొని మొట్టమొదట కాపరిగా పోయిన ఊరిలో ఆమె యుండెను. అప్పటికి ఆమెకు ఎనుబది సంవత్సరములు. ఒక సాయంకాలము గృహదర్శనమునకు పోయినప్పుడు ఆమె తన రేకు పెట్టెలోనుండి పాతగుడ్డలో చుట్టిన వస్తువొకటి తీసి నా చేతిలో పెట్టెను. అది కంచు బిళ్ల. అరచేయి నిండునంత యున్నది. దానిమీద పుష్పహారము పట్టుకొనిన స్త్రీ, ఆమె ప్రక్కను ఒక సింహము, చుట్టును ఇంగ్లీషు అక్షరములు. ఒక ప్రక్క చిన్న పలకవంటి చోట ఒక పేరు.

“అయ్యగారూ, ఇది మా నాయన పేరేనా?” అని ఆమె అడిగెను.

నేను కూడబలుకుకొని చదివితిని. అక్షరములు కొంత వంకరపోయినను ఆ పేరే. మొదటి యుద్ధము ముగిసిన తరువాత చనిపోయిన సైనికుల కుటుంబములకు ఇటువంటి బిళ్లలు 13 లక్షలకు పైగా చేయించి పంపిరి. వానిమీద పేరు తప్ప హోదా వ్రాయలేదు. ఆమె తండ్రి బెంగుళూరులోని మద్రాసు సాపర్ల పటాలములో చేరి, ఆమె తల్లి గర్భములో నుండగానే, “బస్రా దేశమునకు” పోయెనట. తిరిగి రాలేదు. ఆమె ఆయనను చూడలేదు.

“మరి అక్కడ రాయి మీద కూడా మా నాయన పేరుంటదా, అయ్యగారూ?”

“కనుగొని చెప్పెదను, మామ్మా” అని మాట ఇచ్చితిని. ఉత్తరము వ్రాయుటకు ఒక కాగితము, ఒక కవరు చాలును. సంఘపు పనులు, పరీక్షలు, కానుకల లెక్కలు అని చెప్పుకొనుచు దినములు గడపితిని. రెండు సంవత్సరముల తరువాత ఆమెను సమాధి చేసినది నేనే. అప్పటికిని ఆ ఉత్తరము వ్రాయలేదు.

ఆమె బస్రా అనినది ఆ కాలపు మెసపొటేమియా, నేటి ఇరాకు. బైబిలు చదువువారికి అది పరదేశము కాదు. హిద్దెకెలు, యూఫ్రటీసు నదులు పారు నేల, బబులోను, నీనెవె, అబ్రాహాము విడిచివచ్చిన కల్దీయుల ఊరు, అన్నియు అక్కడివే. 1914లో టర్కీతో యుద్ధము వచ్చినప్పుడు అచ్చటికి పంపబడిన సైన్యములో అధికభాగము మన దేశపు వారే. 1915 డిసెంబరులో కూట్ అను పట్టణములో వారి సేన యొకటి ముట్టడిలో చిక్కుకొనెను. దానిని విడిపించుటకు పోయిన దళములలో దాదాపు 23,000 మంది చనిపోవుటయో గాయపడుటయో జరిగినది. అయినను ఆకలిచేత 1916 ఏప్రిల్ 29న ఆ పట్టణము లొంగిపోయెను. మరుసటి సంవత్సరము మార్చిలో బాగ్దాదును పట్టుకొనిరి. గుండ్లకు చనిపోయినవారు కొందరు, కలరాకును, జ్వరములకును, ఎండకును చనిపోయినవారు అనేకులు.

సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కొరకు బస్రా దాపున ఒక స్మారకమును కట్టి 1929 మార్చి 27న ఆవిష్కరించిరి. 1997లో ప్రభుత్వాజ్ఞచేత దానిని అక్కడనుండి తీసి, నసీరియాకు పోవు బాటలో 32 కిలోమీటర్ల దూరమున తిరిగి నిలిపిరి. ఈ సంగతులు చదువుచు నేను ఒక మాట దగ్గర ఆగిపోతిని. ఆ గోడలమీద ఇంగ్లీషు సైనికుల పేర్లున్నవి. మన దేశపు అధికారుల పేర్లున్నవి. మన సామాన్య సిపాయిల పేర్లు లేవు. ఫలాని పటాలము, ఇంతమంది అని సంఖ్య మాత్రమే చెక్కిరి. పేర్లు రిజిస్టరు పుస్తకములో నుంచిరి.

ఫ్రాన్సు దేశమున నవ్ షాపెల్ అను చోట, 1927లో ఆవిష్కరించిన స్మారకముమీద, 4,700 మందికి పైగా మన దేశస్థుల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కబడియున్నవి. ఐరోపాలో చనిపోయినవానికి పేరు, ఆసియాలో చనిపోయినవానికి లెక్క! భేదము చూపమని మాట ఇచ్చినవారే ఇట్లు చేసిరి. నేను ఆ కమిషన్ వారిని నిందించుటకు నోరు తెరచి, నా మాట జ్ఞాపకము వచ్చి మూసికొంటిని.

2021 ఏప్రిల్‌లో ఆ కమిషన్ తన తప్పును తానే విచారించి ఒక నివేదిక ప్రకటించినది. ఆఫ్రికా, ఆసియా దేశముల వారు 45,000 నుండి 54,000 మంది తక్కువ రీతిగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వరకు పేరుతో స్మరింపబడనేలేదనియు అందులో ఒప్పుకొనిరి. క్షమాపణయు చెప్పిరి. నూరేండ్ల తరువాత చెప్పిన క్షమాపణ ఎవరి చెవిని పడును అని కొందరందురు. నేనట్లు అనలేను.

సమూయేలు రెండవ గ్రంథము 23వ అధ్యాయము మనలో చాలమంది త్వరగా దాటిపోవు అధ్యాయము, ఏలయనగా చివర నంతయు పేర్లే. దావీదు పరాక్రమవంతుల పట్టిక అది. ముప్పది యేడుగురు. ఆ పట్టికలో కడపటి పేరు ఎవరిదో చూడుడి. హిత్తీయుడైన ఊరియాది. పరజనుడు. రబ్బా కోట యెదుట రాజు పంపిన ఉత్తరముచేతనే చంపబడిన సిపాయి. ఆ పేరు తీసివేసియుండిన రాజుకు ఎంతో నెమ్మదిగా నుండెడిది. పట్టికలో ముప్పది యారుగురే యున్నారని ఎవరు లెక్క చూతురు? అయినను ఆ పేరు అక్కడ నున్నది. తరువాత మత్తయి ప్రభువుయొక్క వంశావళి వ్రాయుచు ఆ స్త్రీని ఊరియా భార్యయనియే వ్రాసెను. దేవుని గ్రంథములో, అన్యాయము పొందినవాని పేరు అన్యాయము చేసినవాని పేరు ప్రక్కనే నిలిచియున్నది.

నిరుడు ఒక వివాహము జరిపించుటకు ఆ మొదటి ఊరికి తిరిగి పోతిని. ఆ కంచు బిళ్ల యేమైనదని అడుగగా, ఇల్లు పడిపోయిన యేట పాతసామానుతోబాటు పోయినదని ఆమె మనుమడు సిగ్గుపడుచు చెప్పెను. కమిషన్ వారి రిజిస్టర్లను ఇప్పుడు కంప్యూటరులో పేరును బట్టి వెదకవచ్చును. నేను వెదకితిని. కాని అదే పేరుగలవారు ఒకరికంటె ఎక్కువమంది యుండిరి. తండ్రి పేరు, ఊరు తెలియనిదే ఎవరు ఎవరో చెప్పుట యెట్లు? ఆమె బ్రదికియున్నప్పుడు అడిగియుండిన ఒక్క నిమిషములో చెప్పియుండును.

అప్పుడు ఆ సంఘపు కాపరి దేవాలయపు బీరువా తెరచి పాత బాప్తిస్మపు రిజిస్టరు బయటకు తీసెను. అంచులు చెదలు తినివేసినవి. 1916వ సంవత్సరపు పుటలో బిడ్డ పేరు, తల్లి పేరు, ఆ తరువాత గడిలో తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు స్పష్టముగా నున్నవి. వృత్తి యను గడిలో సిపాయి అనియు, దాని క్రింద చిన్న అక్షరములతో దూరదేశమున నున్నాడనియు ఆనాటి కాపరి వ్రాసెను. మనుమడు వ్రేలు పెట్టి ఆ పేరు చదివెను. మరల చదివెను. పెండ్లివారు పిలుచుచున్నారని కబురు వచ్చినది.

మీ సంఘముల బీరువాలలోను ఇటువంటి పుస్తకములుండును. సమాధుల పండుగకు సున్నము కొట్టించునప్పుడు, వానిని కూడ ఒకసారి ఎండలో పెట్టి దులిపి చూడుడి. నేను మాత్రము ఆ గడిలోని వివరములన్నియు నకలు వ్రాసికొని, ఈసారి రెండు దినములలోగానే ఉత్తరము తపాలాలో వేసితిని.