రోమకుల భోజనము – కొన్ని అపోహలు

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమక వెండి నాణెములు దొరకినవి. అగస్టసు, టిబీరియసు చక్రవర్తుల కాలమున సరకుల వెలగా మన దేశమునకు వచ్చిన ధనమది. అట్టి వర్తకము నెరపిన జాతిని గూర్చి నేటికిని మనలో ఒక కథ వినబడుచున్నది. రోమకులు విందులో పీకలదాక తిని, ప్రక్కనున్న 'వామిటోరియము' అను గదిలో కక్కి, మరల తినుటకు కూర్చుండెడివారట! ఇందలి నిజమెంతయో విచారింతము.

అట్టి గది రోమకుల ఇండ్లలో లేదు. ఆ పదమునకు వెలిగ్రక్కునదని అర్థము కలదు గాని, అది ప్రేక్షకశాలలోని దారికి పేరు. నాగార్జునకొండలో బయటపడి, తరువాత అనుపులో తిరిగి నిర్మింపబడిన ఇక్ష్వాకుల నాటి ప్రేక్షకశాలను మనలో పలువురు చూచియుందురు. అందలి మెట్లవరుసలవంటివే మిక్కిలి పెద్దవిగా రోములోని కొలోసియమున కలవు. అందు సుమారు 50,000 మంది కూర్చుండెడివారు. ద్వారములు జనమును గుంపులుగా ఆసనములపైకి వెలిగ్రక్కును గనుక ఆ పేరు కలిగెనని 5వ శతాబ్దిలో మాక్రోబియసు వివరించెను. తరువాతివారు పదమును మాత్రము పట్టుకొని, దారిని గదిగా మార్చిరి.

అతిగా తిని వాంతి చేసికొను ధనికులు లేకపోలేదు. సెనెకా వారిని తీవ్రముగా నిందించెను. కాని కొలదిమంది దోషము జాతి ఆచారము కానేరదు. సామాన్యుల ఆహారము గోధుమ జావ, రొట్టె, చిక్కుడు జాతి గింజలు, ఆలివు నూనె. మాంసము అరుదు. పానుపులపై ఒరగి భుజించుట కలవారి విందులకే చెల్లెను. జొన్న గటుక ఎరిగిన పాలమూరు రైతునకు ఆ జావ వింత గాదు. అక్కెనపల్లి నాణెములను ముద్రించిన అగస్టసు సయితము ముతక రొట్టె, చిన్న చేపలు, జున్ను, పచ్చి అత్తిపండ్లు ఇష్టపడెనని సుయెటోనియసు వ్రాసెను.

ఇట్టి నింద మనకును తగిలినదే. ఈ మెట్టసీమలవారికి వరియన్నము నిన్నటిదాక తెలియదని కొందరందురు. వానలు చాలని చోట జొన్నయే ఆధారమగుట నిజము. కాని పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రము నేటికిని నీటితో నిలిచియున్నది. అంతటి చెరువు క్రింద ఏమి పండెనో ఆలోచింపనివారే ఆ మాట అందురు.