ఫత్వా అనే జవాబు
పార్టీ విప్ ఇచ్చినా, కాలేజీ దుస్తుల నిబంధన పెట్టినా మన వార్తల్లో ‘ఫత్వా జారీ’ అయిపోతుంది. ఆ వాడుక సరికాదు. అరబ్బీలో ఫత్వా అంటే అడిగిన ధర్మసందేహానికి ఇస్లాం పండితుడు చెప్పే అభిప్రాయం. చెప్పేవారు ముఫ్తీ, అడిగేవారు ముస్తఫ్తీ, చెప్పడం ఇఫ్తా. అన్నిటికీ ధాతువు ఒకటే. తప్పక పాటించాల్సిన తీర్పు ఒకప్పటి న్యాయాధికారి ఖాజీది. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చాక ఈ తేడా చెరిగిపోయి, ఫత్వా కూడా హుకుం, ఫర్మానాల వరసలో చేరింది. ఉదాహరణకు, 2018 జనవరిలో హైదరాబాద్‌లోని ఇస్లామిక్ విద్యాసంస్థ జామియా నిజామియా రొయ్యలు తినడం తగదని ఫత్వా ఇచ్చింది. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయంలో నీటి జీవాల్లో చేపే హలాల్; రొయ్య చేప కాదన్నది అందులోని వాదన. వాడుకలో అదీ చేపేనన్న హనఫీ పండితులూ ఉన్నారు. నగరంలోని బార్కస్ అరబ్బు కుటుంబాలు ఎక్కువగా అనుసరించే షాఫయీ సంప్రదాయంలో అసలు అభ్యంతరమే లేదు. పంజాగుట్ట హోటల్లో ఒకే రొయ్యల బిర్యానీ ముందు కూర్చున్న ముగ్గురు విశ్వాసులు వేర్వేరు నిర్ణయాలకు రావచ్చు. అలాగైతే ధర్మం ఎవరి ఇష్టం వారిదేనా అని అడగవచ్చు. ముఫ్తీ చూపు ఫలితాన్ని మలుస్తుంది నిజమే, కానీ ఆయన ఆధారం చూపాలి, తన సంప్రదాయ పద్ధతి పాటించాలి, మరో ముఫ్తీ ఖండనకు నిలబడాలి. ఫత్వాకు చట్టబలం లేదనీ, దాన్ని ఎవరిపైనా రుద్దరాదనీ 2014లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. బలవంతపు ఆజ్ఞను హుకుం అనే రాద్దాం. ఫత్వాను, వాదించదగిన అభిప్రాయంగా, దాని అసలు అర్థంలోనే వాడదాం.