పేరు మాది, యంత్రం మరొకరిది

ఈమెయిల్ చిరునామాలో దారంతా రాయాల్సిన కాలం ఒకటుండేది. 1980ల మొదట్లో యూయూసీపీ అనే ఫైళ్ల మార్పిడి పద్ధతి మీద నడిచే యూనిక్స్ యంత్రాలు ఎక్కువగా రాత్రిపూట, ఫోన్ ఛార్జీలు తగ్గాక, ఒకదానికొకటి డయల్ చేసి ఉత్తరాలు మార్చుకునేవి. ఏ యంత్రం మీదుగా ఏ యంత్రానికి వెళ్లాలో పంపేవారే వరసగా, పేరుకీ పేరుకీ మధ్య ఆశ్చర్యార్థకం పెట్టి రాయాలి. బెల్ ల్యాబ్స్‌లోని ఐహెచ్‌ఎన్‌పీ4 లాంటి కూడళ్ల పేర్లు ఆ రోజుల్లో యూనిక్స్ వాళ్లకు నోటికొచ్చు. మధ్యలో ఒక యంత్రం మూలపడితే ఉత్తరం అక్కడే ఆగిపోయేది.

1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్లను యంత్రాల అడ్రసులకు కలిపే డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. మెయిల్ కోసం అందులో మొదట రెండు రకాల రికార్డులు పెట్టారు: ఉత్తరం చేరాల్సిన యంత్రానికి ఎండీ, తీసుకుని ముందుకు పంపే యంత్రానికి ఎంఎఫ్. నేమ్ సర్వర్ దాచుకున్న జవాబుల్లో ఒక రకమే కనిపిస్తే రెండోది ఉందో లేదో తేలేది కాదు. 1986 జనవరిలో ఆ రెండింటి స్థానంలో ఎంఎక్స్ అనే ఒక్క రికార్డు వచ్చింది. దాన్ని మెయిల్ సర్వర్లు ఎలా వాడాలో ఆర్‌ఎఫ్‌సీ 974 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో రాసింది క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్.

పద్ధతి ఇది. ఉత్తరం పంపే సర్వర్ ‘ఎట్’ గుర్తు తర్వాతి డొమైన్‌నే చూస్తుంది, దాని ఎంఎక్స్ జాబితా అడుగుతుంది. జాబితాలో ప్రతి యంత్రానికీ ఒక ప్రాధాన్య అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్న యంత్రాన్ని ముందు పిలుస్తుంది, పలకకపోతే తర్వాతిదాన్ని. జాబితాయే లేకపోతే నేరుగా ఆ డొమైన్ అడ్రసుకే వెళ్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చే నియమం ఇంకొకటి: జాబితాలో తన పేరే కనిపిస్తే సర్వర్ తనను, తనతో సమానమైన లేదా అంతకన్నా పెద్ద అంకె ఉన్నవాటిని కొట్టేసి మిగిలినవాటికే పంపాలి. లేకుంటే రెండు సర్వర్లు ఒకే ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాయి.

ఒక యంత్రం పడిపోతే మరొకటి ఆదుకోవడానికే ఎంఎక్స్ అని పాఠాల్లో చెబుతారు. నా దృష్టిలో దాని అసలు గొప్పతనం వేరు. పార్ట్‌రిడ్జ్ బీబీఎన్ కంపెనీలో, కంప్యూటర్ సైన్స్ విభాగాల నెట్‌వర్క్ అయిన సీఎస్‌నెట్ కోసం పనిచేసినవారు. ఆ నెట్‌వర్క్ సభ్యుల్లో చాలామందికి ఆర్పానెట్ లైను లేదు, వాళ్ల మెయిల్ ఫోన్ డయల్ మీదే నడిచేది. లైను లేనివాళ్లకూ సొంత పేరు ఉండనిచ్చింది ఎంఎక్స్.

మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ అయిన ఎర్నెట్ రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో మెయిల్ బాధ్యత నాది. మా యంత్రం రోజంతా నెట్‌లో ఉండేది కాదు. మా డొమైన్ ఎంఎక్స్ వేరే ఊళ్లోని పెద్ద యంత్రాన్ని చూపేది. అది మా ఉత్తరాలు పట్టి ఉంచేది. సాయంత్రం మోడెమ్‌తో డయల్ చేసి దించుకునేవాళ్లం. లైను మధ్యలో తెగితే మళ్లీ మొదటికే. అయినా బయటి దేశాల ప్రొఫెసర్ల చేతిలో ఉన్న మా విజిటింగ్ కార్డు మీది చిరునామాలో మా కాలేజీ పేరే ఉండేది. తర్వాత లీజు లైను వచ్చినప్పుడు మా డొమైన్ రికార్డులుండే జోన్ ఫైల్లో ఒక్క వరస మార్చి, మార్పు జరిగిందని తెలిపే సీరియల్ అంకె పెంచాం. ఎవరికీ కొత్త చిరునామా చెప్పాల్సిన అవసరం రాలేదు.