కాన్పు తర్వాత ముట్టు ఎక్కువైతే

"పిల్లాడు పుట్టిన దగ్గర్నుంచీ బహిష్టులో విపరీతంగా పోతోంది" అని డాక్టరు ముందు కూర్చున్న స్త్రీ నిజానికి రెండు సంగతులు చెబుతోంది. రక్తం ఎక్కువ పోతోందన్నది ఒకటి, దానికి కాన్పే కారణమన్నది మరొకటి. మొదటిదాన్ని నమ్మి తీరాలి. రెండోదాన్ని మాత్రం పరీక్షించి చూడాలి. బిడ్డ పుట్టాక ఏడాది రెండేళ్లలో ఆమె శరీరంలో చాలా మార్పులు జరుగుతాయి. పాలివ్వడం మొదలై, తగ్గి, ఆగిపోతుంది. కాపర్ టి వేసి ఉండవచ్చు. సిజేరియన్ కుట్టు మానుతూ ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగి ఉంటుంది. థైరాయిడ్ గాడి తప్పి ఉండవచ్చు. వీటన్నిటినీ కలిపి కాన్పు ఖాతాలోనో, ఆపరేషన్ ఖాతాలోనో వేసేస్తే చికిత్సకు లొంగే కారణం కనపడకుండా పోతుంది. ఆ నింద వల్ల స్త్రీకి జరిగే నష్టం రెండు రకాలు: కొందరు ఏళ్ల తరబడి ఓర్చుకుంటారు, మరికొందరు ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి తీయించుకుంటారు.

ముందు అది ముట్టేనా అని చూడాలి

కాన్పు తర్వాత పురిటి రక్తం నాలుగు నుంచి ఆరు వారాలు కనిపించడం మామూలే. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, చివరికి పసుపు కలిసిన తెలుపులో పోతుంది. మధ్యలో కాస్త ఆగి మళ్లీ ఎర్రబడటమూ ఉంటుంది, ముఖ్యంగా ఎక్కువ పని చేసిన రోజున. పాలివ్వని తల్లికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముట్టు వస్తుంది. అయితే అండం అంతకంటే ముందే, 25వ రోజు ప్రాంతంలోనే విడుదల కావచ్చు. పాలిచ్చే తల్లుల సంగతి వేరు. బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, ముట్టు రాకుండా, ఆరు నెలలు నిండకుండా ఉన్నంతవరకు గర్భం రాకుండా 98 శాతం రక్షణ ఉంటుందని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు నిర్ణయించారు. ఆ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా లెక్క మారిపోతుంది. అందుకే ఎక్కువ రక్తంతో వచ్చిన వారికి గర్భపరీక్ష మొదట చేయడం మంచి వైద్యుల అలవాటు.

కాన్పయిన 24 గంటల తర్వాత, 12 వారాల లోపు అసాధారణంగా రక్తం పోతే దాన్ని ముట్టుగా తీసుకోకూడదు. మాయ ముక్క లోపల మిగిలిపోవడం, గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకడం, మాయ అంటుకుని ఉన్న చోటి రక్తనాళాలు సరిగా మూసుకోకపోవడం దీనికి ఎక్కువగా కనిపించే కారణాలు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, పెద్ద గడ్డలు పడినా, జ్వరం, దుర్వాసన, కళ్లు తిరగడం, గుండెదడ ఉన్నా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బాలింతకు "మైల పోతోంది, మంచిదే" అని సర్దిచెప్పే పెద్దవాళ్లు ఇంటింటా ఉంటారు. వాళ్ల అనుభవానికి గౌరవం ఇవ్వవచ్చు, ఈ లక్షణాల విషయంలో మాత్రం కాదు.

ఎంత పోతే ఎక్కువ?

నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అన్న గీత 1966లో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు గీసింది. వాడిన ప్యాడ్లను సేకరించి, రసాయనంతో రక్తాన్ని వేరుచేసి కొలిచారు. సగటున 40 మిల్లీలీటర్లకు కాస్త పైన పోతుందని, 80 దాటినవారిలో రక్తహీనత ఎక్కువని తేలింది. అంతకంటే ఆసక్తికరమైన విషయం ఒకటి బయటపడింది. 80 దాటినవారిలో చాలామంది తమది మామూలేననుకున్నారు. చాలా తక్కువ పోయినవారిలో కొందరు తమది ఎక్కువని చెప్పారు. అంటే గతంలో ఎంత పోయేదో, ఇప్పుడెంత పోతోందో జ్ఞాపకం మీద పోల్చడం నమ్మదగ్గ పద్ధతి కాదు. కాన్పుకు ముందు, తర్వాత పోలిక అంతా ఈ జ్ఞాపకం మీదే నడుస్తుంది. పైగా ఆ మధ్యలో ఏడాదో, ఏడాదిన్నరో ముట్టే లేదు.

అలాగని స్త్రీ చెప్పేదానికి విలువ లేదనుకోకూడదు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2007లోనే మిల్లీలీటర్లను పక్కనపెట్టాయి. రక్తస్రావం ఆమె శరీరానికి, మనసుకు, పనికి, నలుగురిలో తిరగడానికి అడ్డుపడితే అది ఎక్కువే అని నిర్వచించాయి. రాత్రి లేచి ప్యాడ్ మార్చుకోవలసి వస్తే, పక్క పాడవుతుందని చంటిబిడ్డను పక్కలో పడుకోబెట్టుకోలేకపోతే చికిత్స అడగడానికి ఆ మాత్రం చాలు. డాక్టరుకు మాత్రం అంకెలు ఉపయోగపడతాయి. రెండు మూడు నెలలపాటు ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, ఎంత తడిశాయి, గడ్డలు ఎంత పరిమాణంలో పడ్డాయి అని క్యాలెండరు మీద రాసుకుంటే చాలు. 1990లో వచ్చిన బొమ్మల పట్టిక పద్ధతి కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. బట్ట వాడేవారికి ఆ లెక్క సరిగా అతకదు. ఎన్నిసార్లు మార్చారో, పైబట్టలకు అంటిందో లేదో రాసుకోవడమే వారికి ఉన్న దారి.

నింద దేనిమీద పడుతోంది

మన రెండు రాష్ట్రాల్లో ఈ ఫిర్యాదుకు ఎక్కువగా వినిపించే కారణం ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం ఈ ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. ఇంతమంది చేయించుకున్నప్పుడు ఆ తర్వాత వచ్చే ఏ సమస్య అయినా ఆపరేషన్ తర్వాత వచ్చినట్టే కనిపిస్తుంది. నిజంగా ఆపరేషన్ వల్లేనా అని అమెరికాలో పెద్దఎత్తున పరిశీలించారు. ట్యూబెక్టమీ జరిగిన 9,514 మందిని, భర్తకు వేసెక్టమీ జరిగిన 573 మందితో పోల్చిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్నవారిలో రక్తస్రావం పెరగలేదు సరికదా, రోజులూ పరిమాణమూ తగ్గాయన్నవారే ఎక్కువ. తేదీలు కొంచెం అటూఇటూ కావడం మాత్రం వారిలో ఎక్కువగా కనిపించింది.

ఈ ఫలితాన్ని గుంటూరుకో, నల్గొండకో యథాతథంగా తెచ్చి అతికించడానికి నేను కొంచెం వెనకాడతాను. మన దగ్గర చాలామందికి రెండో కాన్పుతోపాటే, తరచూ సిజేరియన్‌లోనే, ట్యూబెక్టమీ అయిపోతుంది. అంటే ఆపరేషన్‌కు ముందు ముట్టు లేని నెలలు, తర్వాత ముట్టు తిరిగి వచ్చిన నెలలు. ఆ తేడాను చూసి ఆపరేషన్‌ను అనుమానించడం సహజం. ఇది నా ఊహే తప్ప కొలిచి చెప్పిన మాట కాదు. అయినా గొట్టాలను కట్టడానికీ, రక్తస్రావం పెరగడానికీ నేరుగా సంబంధం కల్పించే ఆధారం ఆ అధ్యయనంలో దొరకలేదన్నది గుర్తుంచుకోవాలి.

పాలు తగ్గించే నెలల్లో వచ్చే తొలి ముట్ల గురించి శరీరధర్మం స్పష్టంగానే చెబుతుంది. వాటిలో కొన్ని అండం విడుదల కాకుండానే వస్తాయి. అండం లేకపోతే ప్రొజెస్టిరాన్ ఉండదు. ఈస్ట్రోజన్ ఒక్కటే గర్భసంచి పొరను పెంచుకుంటూ పోతుంది. ఆ పొర ఒక క్రమం లేకుండా, కొన్నిసార్లు విపరీతంగా రాలుతుంది. చాలామందిలో కొద్ది నెలల్లో ఇది సర్దుకుంటుంది. సర్దుకోకుండా, అలసట, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం కూడా ఉంటే థైరాయిడ్ చూడాలి. కాన్పు తర్వాత ఏడాదిలో థైరాయిడ్ వాపు వచ్చి, ఆ గ్రంథి మందగించడం అరుదేమీ కాదు.

కాపర్ టి విషయంలో మాత్రం నింద సరైన చోటే పడింది. మొదటి కొన్ని నెలలు అది ముట్టును పెంచుతుంది, నొప్పినీ పెంచుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు కాగానే వేసే కాపర్ టి వల్ల మరో చిక్కుంది. అలసిపోయిన ఆ గంటల్లో చెప్పిన మాట కొందరికి తలకెక్కదు, నెలల తర్వాత ముట్టు ఎక్కువైతే లోపల కాపర్ టి ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పరు. గర్భం రాకుండా వేసే 'అంతర' ఇంజెక్షన్ తీసుకున్నవారిలో రక్తం క్రమం తప్పి కనపడటం ఎక్కువ.

సిజేరియన్‌ను వేరుగా చూడాలి. అదే 2019–21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5. కుట్టు మానినచోట లోపలివైపు చిన్న గుంటలాంటిది ఏర్పడవచ్చు. నెదర్లాండ్స్‌లో గర్భసంచిలోకి ద్రవం పంపి స్కాన్ చేసిన అధ్యయనాల్లో సిజేరియన్ అయినవారిలో సగానికి పైగా ఈ గుంట కనిపించింది. అందులో రక్తం నిలిచి, ముట్టు అయిపోయిందనుకున్నాక కూడా రోజుల తరబడి గోధుమరంగు మరక కనిపిస్తుంది. ఇది ముట్టును సాగదీస్తుందే గాని ఉధృతం చేయడం దీని లక్షణం కాదు. గుంట ఉన్నవారందరికీ మరక కనిపించదు కూడా. స్కాన్ కాగితంలో ఆ మాట కనపడగానే ఆపరేషన్‌కు సిద్ధపడాల్సిన పనిలేదు. కండరగడ్డలు, గర్భసంచి గోడలోకి పొర పెరగడం లాంటివి కూడా స్కానింగ్‌లో తెలుస్తాయి.

చివరగా, తరచూ అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగలేదా? చిన్నప్పుడు ముక్కునుంచి కారేదా? రజస్వల అయిన నాటి నుంచీ ముట్టు ఎక్కువేనా? అవునంటే రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉందేమో చూడాలి. 1926లో ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లిబ్రాండ్ వర్ణించిన జబ్బు అలాంటిదే. ఆయన పరిశీలించిన కుటుంబంలోని బాలిక 13 ఏళ్లకు నాలుగో ముట్టులో రక్తం ఆగక చనిపోయింది. ఆ జబ్బులో కొరవడే పదార్థం గర్భిణిగా ఉన్నప్పుడు దానంతటదే పెరుగుతుంది, కాన్పయ్యాక కొన్ని వారాల్లో పడిపోతుంది. కాన్పు బల్ల మీద ఏ ఇబ్బందీ పడని స్త్రీ రెండు మూడు వారాల తర్వాత రక్తస్రావంతో రావడానికి ఇదొక కారణం. ఇలాంటి లోపాల్లో కొన్ని తల్లి, తండ్రి ఇద్దరి వైపు నుంచీ జన్యువు అందితేనే బయటపడతాయి కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో ఈ ప్రశ్న మరీ అవసరం.

ఇనుము, మాత్రలు, లూప్

హిమోగ్లోబిన్ 12 ఉన్న రక్తం 80 మిల్లీలీటర్లు పోతే దాంతోపాటు సుమారు 33 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మామూలు తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. కాన్పులో పోయిన అరలీటరు దీనికి అదనం. 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉన్నచోట బాలింత ఖాళీ ఖజానాతోనే మొదలుపెడుతుంది. అందుకే రక్తస్రావానికి కారణం తేలేలోపే ఇనుము మొదలుపెట్టడం సబబు. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కాన్పు తర్వాత 180 రోజులు, రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాత్ర వేసుకోమంటుంది. చాలామంది బిడ్డ పుట్టగానే ఆపేస్తారు. రోజు విడిచి రోజు వేసుకుంటే ఎక్కువ పడుతుందని 2017లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ప్రయోగాన్ని ఇప్పుడు చాలామంది ఉదహరిస్తున్నారు. అందులో పాల్గొన్నది నలభై మంది, రక్తహీనత లేనివారు. తీవ్రమైన రక్తహీనత ఉన్న బాలింతకు దాన్ని వర్తింపజేయడం తొందరపాటు. మాత్రతో టీ తాగకపోవడం మాత్రం అందరూ పాటించదగ్గదే. పథ్యం పేరుతో ఆకుకూరలు, పప్పు, గుడ్డు, మాంసం మానిపించడం నష్టమే.

రక్తాన్ని తగ్గించే మందుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ ముందుంటుంది. జపాన్‌లో ఒకామోతో దంపతులు 1962లో ప్రకటించిన ఈ మందును ముట్టు ఎక్కువగా ఉన్న నాలుగైదు రోజులే వాడతారు. రక్తస్రావాన్ని సుమారు 40 శాతం తగ్గించినట్టు పరీక్షల్లో తేలింది. పాలలోకి చాలా స్వల్పంగా చేరుతుంది. అయితే కాన్పు తర్వాత తొలి వారాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ ఎక్కువ కాబట్టి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మందు కాదిది. మెఫెనమిక్ యాసిడ్ అంతకంటే తక్కువ పనిచేసినా నొప్పికి కూడా పనికొస్తుంది, కాపర్ టి ఉన్నవారికి ముఖ్యంగా. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు పాలిచ్చే తల్లి కాన్పైన ఆరు వారాల లోపు వాడకూడదు, ఆరు నెలల దాకా వీలైనంత దూరంగా ఉండాలి. మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన గర్భనిరోధక మాత్ర సెంట్‌క్రోమాన్, ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ఇచ్చేది, ముట్టును తగ్గిస్తుందని మన దేశంలో జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. అవి చిన్నవి. ఫలితం ఆశాజనకమనే అనగలం.

గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌కు ఆధారం బలంగా ఉంది. బ్రిటన్‌లో 571 మందిపై జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో రెండేళ్ల తర్వాత లూప్ ఉంచుకున్నవారు 64 శాతం, మామూలు మందులు కొనసాగించినవారు 38 శాతం. జీవన సౌఖ్యం లూప్ వాడినవారిలో ఎక్కువ మెరుగైంది. శస్త్రచికిత్స దాకా వెళ్లినవారి సంఖ్యలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి కొన్ని నెలలు అప్పుడప్పుడు మరకలు కనపడతాయని ముందే చెప్పకపోతే చాలామంది విసిగి తీయించేసుకుంటారు.

ఇన్ని మార్గాలున్నా, 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం గర్భసంచి తీయించుకున్నట్టు తేలింది. దేశ సగటు 3.2 శాతమే. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అండాశయాలను ఉంచినా, గర్భసంచి తీశాక ముట్లుడిగే దశ ముందుగా వచ్చే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. కాబట్టి ముప్పై రెండేళ్ల తల్లికి గర్భసంచి తీసేద్దామన్న సలహా వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు డబ్బుకంటే ముందు కూడగట్టుకోవలసినవి నాలుగు జవాబులు. స్కానింగ్‌లో ఏం కనపడింది? కాపర్ టి లోపల ఉందా? థైరాయిడ్, రక్తం గడ్డకట్టే పరీక్షలు అయ్యాయా? మందులు, లూప్ ఎన్ని నెలలు వాడి చూశారు?